కాదనడానికీ ఒక వ్యాకరణం ఉండాలి

2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు రైతు వేదికను ప్రారంభించారు. దానికి రెండు రోజుల ముందు, అక్టోబర్ 29న, మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలో భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. నవంబర్ 2 నుంచి మండలాల్లోని తహశీల్దారు కార్యాలయాలే వ్యవసాయ భూములకు రిజిస్ట్రేషన్ కార్యాలయాలయ్యాయి. స్లాట్ బుక్ చేసుకొని వెళితే రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూట అయిపోయే పద్ధతి వచ్చింది. అంటే కొడకండ్లలో ఒక గుంట భూమి చేతులు మారినా, ఆ మార్పు ముందుగా ఒక డేటాబేసులోని కొన్ని వరుసల్లో జరగాలి. ఆ వరుసలు మారడానికి ఒప్పుకోకపోతే అమ్మకం ఆగిపోతుంది.

ఇక్కడ భూమి రాతకు ఉన్న బరువు తెలియనివారు లేరు. చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది పక్కనున్న పాలకుర్తిలో. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య ప్రాణాలు వదిలింది కడవెండిలో. భూమి ఎవరి పేరున ఉందన్న ప్రశ్న మీద నెత్తురు చిందిన సీమ ఇది. అలాంటి చోట పహాణీ, పట్టా, పాసుబుక్కు అన్నీ కంప్యూటర్లోకి చేరాక, ఆ కంప్యూటర్ ‘కాదు’ అన్నప్పుడు ఎందుకు కాదంటోందో చెప్పడం చిన్న విషయం కాదు. చూడడానికి ఇది ప్రోగ్రామర్ల సొంత గొడవలా ఉంటుంది. నిజానికి అది పౌరుడి హక్కుకు సంబంధించిన సంగతి.

డేటాబేసు లోపల నియమాలు రాసే భాషలు కొన్ని ఉన్నాయి. ఆ భాషల్లో ‘ఈ పని చేయను’ అని చెప్పే వాక్యం ఎలా ఉండాలన్నది కంప్యూటర్ శాస్త్రంలో దశాబ్దాలపాటు నలిగిన ప్రశ్న. ఆ వాక్యపు కథే ఈ అధ్యాయం.

1908 నాటి చట్టం చెప్పిన మూడు మాటలు

కంప్యూటర్లు పుట్టకముందే ఈ ప్రశ్నకు మంచి జవాబు ఒకటి మన దేశపు చట్టంలో ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ ప్రకారం, సబ్ రిజిస్ట్రారు ఒక దస్తావేజును తిరస్కరిస్తే మూడు పనులు చేయాలి. దస్తావేజు మీద ‘రిజిస్ట్రేషన్ నిరాకరించబడింది’ అన్న గుర్తు వేయాలి. కారణాలను రెండో నంబరు పుస్తకంలో నమోదు చేయాలి. దస్తావేజుదారు అడిగితే ఆ కారణాల నకలు రుసుము లేకుండా, జాప్యం లేకుండా ఇవ్వాలి. ఆ తిరస్కరణ మీద 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకునే దారిని 72వ సెక్షన్ చూపిస్తుంది.

దస్తావేజు మీద వేసిన గుర్తును ఏ అధికారి చూసినా వెంటనే తెలుసుకుంటాడు. పుస్తకంలో రాసిన కారణం మనిషి చదివి అర్థం చేసుకోవడానికి. అప్పీలు ఇక ఏం చేయాలో చెప్పేది. గుర్తు, కారణం, దారి అనే ఈ మూడూ ఉంటేనే తిరస్కరణ పూర్తవుతుంది. ధరణి కాలంలో బాగా వినిపించిన ఫిర్యాదులు విస్తీర్ణం తేడాలు, పేర్ల తప్పులు, తెలియకుండానే నిషేధిత జాబితాలో పడిన సర్వే నంబర్లు. వీటిని పరిశీలించడానికి ప్రభుత్వం 2024 జనవరిలో కమిటీ వేసింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి, దాని వెనకున్న కొత్త చట్టం అప్పీళ్లకు చోటు కల్పించాయి. అంటే చట్టం మళ్లీ ‘దారి’ దగ్గరికే వచ్చింది.

డేటాబేసు భాషలు ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా నేర్చుకున్నాయి. ఒకటి గుర్తును ముందు నేర్చుకుంటే మరొకటి కారణాన్ని ముందు నేర్చుకుంది. మూడూ ఒకే వాక్యంలోకి చేరడానికి చాలాకాలం పట్టింది.

నియమం డేటా పక్కనే ఎందుకు ఉండాలి

మన అధ్యయనం కోసం ఒక చిన్న నమూనా కట్టుకుందాం. ఇది ఏ ప్రభుత్వ పోర్టల్ లోపలి కోడూ కాదు, సూత్రం తెలియడానికి అల్లుకున్నది మాత్రమే. ఒక రైతుకు సర్వే నంబరు 214లో 2 ఎకరాల 10 గుంటలు ఉంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి మొత్తం 90 గుంటలు. అందులో ఎకరం ఇదివరకే అమ్మాడు. మిగిలింది 50 గుంటలు. ఇప్పుడు ఎకరంన్నర, అంటే 60 గుంటలు అమ్మినట్టు దరఖాస్తు వచ్చింది. ఇది ఆగాలి.

ఎవరు ఆపాలి? దరఖాస్తు మీసేవ కేంద్రం నుంచి రావచ్చు, తహశీల్దారు కార్యాలయంలోని ఆపరేటర్ ద్వారా రావచ్చు, ఫోన్లోని యాప్ నుంచి రావచ్చు, రాత్రిపూట మూకుమ్మడిగా నడిచే ప్రోగ్రామ్ నుంచి కూడా రావచ్చు. తనిఖీని ఒక్కో దారిలో ఒక్కోసారి రాస్తే, ఎక్కడో ఒక దారిలో మరిచిపోవడం ఖాయం. అందుకే ముఖ్యమైన నియమాన్ని డేటాబేసు లోపలే, డేటా పక్కనే పెడతారు. ఒరాకిల్‌లో పీఎల్/ఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లో పీఎల్/పీజీఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్ట్-ఎస్‌క్యూఎల్ ఇందుకోసం పుట్టిన భాషలే. వీటిలో రాసిన ప్రొసీజర్లు, ట్రిగ్గర్లు డేటాబేసులోనే నిల్వ ఉంటాయి. ఏ దారిలో వచ్చినవారైనా అదే నియమాన్ని దాటి వెళ్లాలి.

దీనికి మరో కారణం ఉంది. అమ్మకం ఒక్క మార్పుతో పూర్తవదు. అమ్మినవారి ఖాతాలో విస్తీర్ణం తగ్గాలి, కొన్నవారి ఖాతాలో పెరగాలి, పాసుబుక్కు వివరాలు మారాలి. ఈ మార్పులన్నీ జరగాలి, లేదంటే ఒక్కటీ జరగకూడదు. ఇలా కలిసి కట్టిన మార్పుల మూటనే ట్రాన్సాక్షన్ అంటారు. మధ్యలో ‘కాదు’ వస్తే అప్పటిదాకా చేసినవన్నీ వెనక్కి తీసుకోవాలి. కాబట్టి డేటాబేసులో తిరస్కరణ వాక్యానికి సందేశం పంపడం ఒక్కటే పని కాదు. అది పని గతినే మార్చాలి.

ఆగాలా, సాగాలా

తొలినాళ్ల ప్రోగ్రాముల్లో తిరస్కరణను ఒక అంకెగా తిరిగి ఇచ్చేవారు. సున్నా వస్తే సరే, మరేదైనా వస్తే తప్పు. పిలిచినవాడు ఆ అంకెను చూడాలి. చూడకపోతే ప్రోగ్రామ్ ఏమీ జరగనట్టే ముందుకు నడుస్తుంది. ఇందులోని ప్రమాదం కొడకండ్ల ప్రాంతపు నేత కార్మికులకు వెంటనే తెలుస్తుంది. ఇక్కడి పల్లెల నుంచి భీవండికి, సూరత్‌కు, సోలాపూర్‌కు వెళ్లి మరమగ్గాల మీద పనిచేసినవారు ఎందరో. మరమగ్గంలో పేక దారం తెగితే మగ్గం తనంతట తాను ఆగే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు లేకపోతే మగ్గం తిరుగుతూనే ఉంటుంది, గజాల కొద్దీ బట్ట పాడవుతుంది. తెగిన చోటే ఆగితేనే ముడి వేసి సరిచేయగలం.

ప్రోగ్రాములకు ఇలా ఆగే ఏర్పాటే ఎక్సెప్షన్. 1960ల నాటి పీఎల్/1 భాషలో దీని తొలి రూపాలు కనిపిస్తాయి. 1975లో జాన్ గుడెనఫ్ రాసిన పరిశోధన పత్రం ఈ ఆలోచనకు క్రమమైన రూపం ఇచ్చింది. తప్పు కనిపెట్టిన చోటు వేరు, దాన్ని సరిదిద్దగల చోటు వేరు. ఆ రెండింటినీ కలిపే దారిని భాషే ఇవ్వాలన్నది అందులోని సారం. విస్తీర్ణం చాలదని కనిపెట్టేది లోపలి ప్రొసీజర్. దరఖాస్తుదారుకు ఏం చెప్పాలో తెలిసింది బయటి ప్రోగ్రాముకు. లోపలిది ‘రైజ్’ అంటుంది. వెంటనే పని ఆగి, ఆ తప్పును అందుకోగల బయటి పొర దాకా నియంత్రణ వెళ్లిపోతుంది. పిలిచినవాడు పట్టించుకోకపోయినా తప్పు తనంతట తాను పైకి పోతుంది. భద్రత అంతా ఇక్కడే ఉంది.

గుర్తు ఉంది, కారణం లేదు

అమెరికా రక్షణ శాఖ కోసం తయారైన ఏడా భాష 1983లో ప్రామాణికమైంది. అందులో ప్రోగ్రామర్ తన ఎక్సెప్షన్‌కు ఒక పేరు పెట్టుకుంటాడు. తప్పు జరిగినప్పుడు ‘రైజ్’ అని రాసి ఆ పేరు రాస్తాడు. అంతే. వెంట ఒక్క వివరం పంపడానికి వీల్లేదు. ఏడా భాషలో రైజ్ వాక్యానికే ఒక సందేశం జోడించే వీలు 2005 సవరణతో గాని రాలేదు.

ఒరాకిల్ తన పీఎల్/ఎస్‌క్యూఎల్‌ను ఏడా నమూనాలో తీర్చింది. దాంతో పేరు పెట్టే సుగుణమూ వచ్చింది, వివరం పంపలేని కొరతా వచ్చింది. మన నమూనాలో ‘భూమి_చాలదు’ అనే ఎక్సెప్షన్‌ను ప్రకటించి ఇలా రాయవచ్చు:

రైజ్ భూమి_చాలదు;

చదవడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. కానీ ఎంత చాలదు? ఏ సర్వే నంబరులో? చెప్పే వీలు లేదు. పైగా ఆ ఎక్సెప్షన్‌ను ఎవరూ అందుకోకపోతే బయట కనిపించేది ఓఆర్ఏ-06510 అనే నంబరు, ‘వాడుకరి నిర్వచించిన ఎక్సెప్షన్‌ను ఎవరూ అందుకోలేదు’ అన్న అర్థం వచ్చే వాక్యం. ప్రోగ్రామర్ ఆలోచించి పెట్టిన పేరు కూడా అందులో ఉండదు.

ఈ కొరత తీర్చడానికి ఒరాకిల్ భాషలో కొత్త వాక్యం చేర్చలేదు. రైజ్_అప్లికేషన్_ఎర్రర్ అనే ప్రొసీజర్ ఒకటి ఇచ్చింది. దానికి -20000 నుంచి -20999 లోపు ఒక నంబరు, ఒక సందేశం ఇవ్వాలి. ఇప్పుడు కారణం చెప్పవచ్చు. కానీ మొత్తం వేయి నంబర్లే. ఒకే డేటాబేసును వాడే రెండు బృందాలు -20001ని రెండు అర్థాల్లో వాడితే అడ్డుకునేది ఏదీ లేదు. పేరుకూ నంబరుకూ ముడి వేయాలంటే ఎక్సెప్షన్_ఇనిట్ అనే వేరే ప్రకటన రాయాలి. ఒక తిరస్కరణ కోసం మూడు చోట్ల మూడు పనులు. వ్యాకరణం కష్టపెట్టిన పనిని మనుషులు తప్పించుకుంటారు. అందుకే చాలా ప్రోగ్రాముల్లో అన్ని తప్పులకూ ఒకటే నంబరు కనిపిస్తుంది.

కారణం ఉంది, గుర్తు లేదు

పోస్ట్‌గ్రెస్ కథ దీనికి సరిగ్గా ఎదురు దిక్కులో నడిచింది. యాన్ వీక్ రూపొందించిన పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ 1998లో 6.4 వెర్షన్‌తో వచ్చింది. అందులో రైజ్ వాక్యం సందేశంతోనే మొదలవుతుంది:

రైజ్ ఎక్సెప్షన్ 'సర్వే నంబరు %లో మిగిలింది % గుంటలే', సర్వే, మిగులు;

శాతం గుర్తు ఉన్న చోట వరుసగా విలువలు వచ్చి కూర్చుంటాయి. ‘సర్వే నంబరు 214లో మిగిలింది 50 గుంటలే’ అని స్పష్టంగా వస్తుంది. ఎక్సెప్షన్ అన్న మాట బదులు నోటీస్ అనో వార్నింగ్ అనో రాస్తే పని ఆగదు, సందేశం మాత్రం వెళుతుంది. ఒకే వాక్యంతో చెప్పడం, హెచ్చరించడం, ఆపడం మూడూ సాధ్యమయ్యాయి. మనిషికి ఇది గొప్ప సౌకర్యం.

యంత్రానికి మాత్రం ఏమీ దక్కలేదు. ఇలా పుట్టిన ప్రతి తప్పుకూ పి0001 అనే ఒకే గుర్తు పడేది. విస్తీర్ణం చాలకపోయినా, భూమి నిషేధిత జాబితాలో ఉన్నా, కొనుగోలుదారు వివరాలు సరిపోకపోయినా బయటి ప్రోగ్రాముకు అన్నీ పి0001లే. 2005లో వచ్చిన 8.0 వెర్షన్ తప్పులను అందుకునే వీలు కల్పించింది. కానీ అందుకున్నది ఏ తప్పో తెలిసేదెలా? సందేశంలోని అక్షరాలను వెతకడం ఒక్కటే దారి. ‘చాలదు’ అన్న మాట ఉంటే ఇది, ‘నిషేధిత’ అన్న మాట ఉంటే అది. రేపు ఎవరో సందేశంలో ఒక అక్షరదోషం దిద్దితే బయటి ప్రోగ్రామ్ చెడిపోతుంది. మనిషి కోసం రాసిన వాక్యం మీద యంత్రం ఆధారపడితే, ఆ వాక్యాన్ని మెరుగుపరచడానికి కూడా భయపడాల్సి వస్తుంది.

2009 జూలైలో వచ్చిన 8.4 వెర్షన్ దీన్ని సరిచేసింది. చెక్ దేశపు ప్రోగ్రామర్ పావెల్ స్టెహులే ఈ మార్పుకు ప్రధాన కర్త. రైజ్ వాక్యం చివర ‘యూజింగ్’ అనే భాగం చేరింది:

రైజ్ ఎక్సెప్షన్ 'సర్వే నంబరు %లో మిగిలింది % గుంటలే', సర్వే, మిగులు
యూజింగ్ ఎర్‌కోడ్ = 'టి1021',
డీటెయిల్ = 'అడిగింది 60 గుంటలు',
హింట్ = 'పాత అమ్మకాల వివరాలు సరిచూసి మళ్లీ దరఖాస్తు చేయండి';

ఎర్‌కోడ్ గుర్తు. సందేశం, డీటెయిల్ కలిసి కారణం. హింట్ దారి. 1908 చట్టంలోని మూడూ ఒకే వాక్యంలోకి వచ్చాయి.

ఈ రూపంలోని నేర్పు గమనించండి. కొత్త భాగం వాక్యం చివర చేరింది కనుక, అప్పటిదాకా రాసిన పాత వాక్యాలు చెక్కుచెదరలేదు. ప్రతి విలువకూ పేరు ఉంది కనుక వరుస గుర్తుంచుకోనక్కరలేదు, అక్కరలేనివి వదిలేయవచ్చు. రేపు ఇంకో అంశం కావాలంటే వ్యాకరణాన్ని కదపకుండానే చేర్చవచ్చు. నిజంగానే 2013లో వచ్చిన 9.3 వెర్షన్‌లో పట్టిక పేరు, కాలమ్ పేరు, నిబంధన పేరు వంటివి అలాగే వచ్చి చేరాయి. భవిష్యత్తుకు చోటు వదిలిన రూపం అంటే ఇదే.

అయిదక్షరాల గుర్తు

టి1021 అన్న గుర్తు వెనక ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఉంది. ఎస్‌క్యూఎల్‌స్టేట్ అనే ఈ గుర్తులో సరిగ్గా అయిదు స్థానాలు. ప్రతి స్థానంలో ఒక అంకె గాని, ఇంగ్లీషు పెద్దక్షరం గాని ఉండాలి. (మన గుర్తులోని ‘టి’ ఇంగ్లీషులో ఒకే అక్షరం.) మొత్తం 6 కోట్లకు పైగా కలయికలు సాధ్యం. ఒరాకిల్ ఇచ్చిన వేయి నంబర్లతో పోల్చుకుంటే ఇది ఎంత విశాలమో తెలుస్తుంది.

మొదటి రెండు స్థానాలు తప్పు వర్గాన్ని, తర్వాతి మూడు అందులోని ఉపవర్గాన్ని చెబుతాయి. 22తో మొదలైతే డేటాలో తప్పు. 23తో మొదలైతే నిబంధన ఉల్లంఘన. పోస్ట్‌గ్రెస్‌లో 23505 అంటే ఒక్కసారే ఉండాల్సిన విలువ రెండోసారి వచ్చింది, 23503 అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపారు. 40001 అంటే ఇద్దరు ఒకేసారి ఒకే డేటా మీద పనిచేయడంతో ఢీకొన్నారు. ఈ చివరిదాన్ని చూసి బయటి ప్రోగ్రామ్ మనిషిని ఇబ్బంది పెట్టకుండా తానే మళ్లీ ప్రయత్నించవచ్చు. గుర్తు సరిగ్గా ఉంటే రైతు మళ్లీ వరుసలో నిలబడాల్సిన అవసరం తప్పుతుంది. గుర్తు లేకపోతే తాత్కాలిక తప్పూ శాశ్వత తప్పూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటి స్థానంలో 0 నుంచి 4 దాకా అంకెలు, ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు ప్రమాణం తన కోసం ఉంచుకుంది. మిగిలినవి డేటాబేసు తయారీదారులకు, వారి ద్వారా మనకు వదిలింది. ఇక ఒక్క గుర్తును మాత్రం రైజ్ వాక్యంలో వాడడానికి పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అది 00000, అంటే ‘విజయం’. తిరస్కరిస్తూ విజయమని చెప్పే వీలును వ్యాకరణమే మూసేసింది. మంచి రూపకల్పన అంటే ఇలా అబద్ధానికి తావులేకుండా చేయడం.

1996లో వెలువడిన ఎస్‌క్యూఎల్ ప్రొసీజర్ల ప్రమాణం ఇదే పనికి ‘సిగ్నల్’ అనే వాక్యాన్ని నిర్దేశించింది. 2010 చివర్లో స్థిరపడిన మైఎస్‌క్యూఎల్ 5.5 వెర్షన్ దాన్ని స్వీకరించింది. సొంత తప్పులకు 45000 వాడమని దాని సూచన.

చిన్న చుక్క, పెద్ద ప్రమాదం

ఎస్‌క్యూఎల్ సర్వర్ కథ మరో పాఠం నేర్పుతుంది. అందులోని పాత వాక్యం రైజెర్రర్. దానికి సందేశంతో పాటు తీవ్రత అనే అంకె ఇవ్వాలి. అంకె 11 నుంచి 19 మధ్య ఉంటే తప్పును అందుకునే భాగానికి నియంత్రణ వెళుతుంది. 10 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే అది సమాచారం మాత్రమే, పని సాగిపోతుంది. మన నమూనాలో ప్రోగ్రామర్ 11 బదులు 10 రాశాడనుకోండి. ‘భూమి చాలదు’ అన్న సందేశం తెర మీద కనిపిస్తుంది, అమ్మకం మాత్రం పూర్తయిపోతుంది. ఆపడం, చెప్పడం అనే రెండు వేర్వేరు పనులను ఒక్క అంకె తేడా మీద వేలాడదీయడం తప్పు. పోస్ట్‌గ్రెస్ ఎక్సెప్షన్, నోటీస్ అనే రెండు వేరు మాటలు వాడడం ఎంత మేలో ఇప్పుడు తెలుస్తుంది.

2012లో మైక్రోసాఫ్ట్ ‘త్రో’ అనే కొత్త వాక్యం తెచ్చింది. ఇది ఎప్పుడూ ఆపుతుంది. కొత్తగా లేవనెత్తే తప్పుకు తీవ్రత ఎప్పుడూ 16. అందుకున్న తప్పును ఉన్నదున్నట్టు మళ్లీ పైకి పంపాలంటే త్రో అని ఒక్క మాట రాస్తే చాలు. అంతా బాగుంది. కానీ ఒక చిక్కు మిగిలింది. పాత ప్రోగ్రాముల్లో ఎవరైనా ఈ మాటను తమ పేరుగా వాడి ఉండవచ్చు కనుక దాన్ని ప్రత్యేక పదంగా కేటాయించలేదు. అందువల్ల ముందు వాక్యం చివర సెమికోలన్ తప్పనిసరి అయింది. అది మరిచిపోయి ‘రోల్‌బ్యాక్ ట్రాన్సాక్షన్’ కింద ‘త్రో’ అని రాస్తే, ‘త్రో అనే పేరున్న ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తీసుకో’ అని డేటాబేసు అర్థం చేసుకుంటుంది. ఆ పేరుతో ఏదీ లేదంటూ వేరే ఎర్రర్ వస్తుంది. అసలు తప్పు మరుగున పడుతుంది, వెనక్కి తీసుకోవాల్సిన పనీ ఆ వాక్యంతో జరగదు.

ఉన్న భాషలో కొత్త మాట చేర్చేవారందరికీ ఎదురయ్యే సమస్య ఇది. పాతవారి ప్రోగ్రాములు చెడకూడదు, కొత్త వాక్యం సందిగ్ధంగానూ ఉండకూడదు. రెండూ కుదరనప్పుడు, తప్పుగా రాస్తే వెంటనే పట్టుబడే రూపాన్నే ఎంచుకోవాలి. తప్పుగా రాసినా నడిచిపోయే రూపం అన్నింటికన్నా ప్రమాదకరం. రైజ్ వాక్యంలో శాతం గుర్తుల లెక్కా ఇచ్చిన విలువల లెక్కా సరిపోతున్నాయో లేదో ప్రొసీజర్ తయారయ్యేటప్పుడే పోస్ట్‌గ్రెస్ చూడడం ఇందుకే మంచిది. తిరస్కరణ వాక్యాలు అరుదుగా నడుస్తాయి. వాటిలోని తప్పు బయటపడేది సరిగ్గా అవి అవసరమైన రోజునే.

తెలుగులో కారణం చెప్పాలంటే

తిరస్కరణ చదివేది కొడకండ్ల రైతు అయితే, అది తెలుగులో ఉండాలి. ఇక్కడ రెండు సాంకేతిక ఇబ్బందులు వస్తాయి.

మొదటిది చోటు. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ‘గుంటలు’ అన్న మాటకు 18 బైట్లు. ఒరాకిల్ రైజ్_అప్లికేషన్_ఎర్రర్ సందేశానికి 2048 బైట్ల పరిమితి ఉంది. ఇంగ్లీషులో రెండు వేల అక్షరాలు పట్టే చోట తెలుగులో సుమారు 680 సంకేతాలే పడతాయి. మైఎస్‌క్యూఎల్ సందేశానికి 128 సంకేతాలే హద్దు. గుణింతపు గుర్తులూ లెక్కలోకి వస్తాయి కనుక అది రెండు చిన్న వాక్యాలకు మించదు.

రెండోది మాటల వరుస. ప్రోగ్రామర్ మొదట ఇంగ్లీషులో రాసిన సందేశంలో మిగిలిన గుంటలు ముందు, సర్వే నంబరు తర్వాత వస్తాయనుకోండి. తెలుగులో సర్వే నంబరు ముందు రావడం సహజం. రైజ్ వాక్యంలోని శాతం గుర్తులు వచ్చిన వరుసలోనే నిండుతాయి. సందేశాన్ని మాత్రమే తెలుగు చేస్తే ‘సర్వే నంబరు 50లో మిగిలింది 214 గుంటలే’ అని తయారవుతుంది. వాక్యం శుద్ధంగా ఉంటుంది, అర్థం పూర్తిగా తప్పు. పోస్ట్‌గ్రెస్‌లో 2011 నుంచి ఉన్న ఫార్మాట్ అనే ఫంక్షన్ ప్రతి ఖాళీకీ సంఖ్య ఇవ్వనిస్తుంది. మొదటి విలువ ఎక్కడ, రెండోది ఎక్కడ అని చెప్పవచ్చు. సందేశాన్ని దానితో కట్టి యూజింగ్ భాగంలో ఇస్తే చిక్కు తీరుతుంది.

ఇంతకన్నా మంచి పద్ధతి గుర్తును ఆధారం చేసుకోవడం. డేటాబేసు టి1021 అనే గుర్తునూ విలువలనూ పంపుతుంది. బయటి ప్రోగ్రామ్ ఆ గుర్తుకు తగిన వాక్యాన్ని తెలుగులోనో, ఉర్దూలోనో, ఇంగ్లీషులోనో చూపిస్తుంది. గుర్తు, కారణం వేరువేరుగా ఉంటేనే ఇది సాధ్యం. పి0001 ఒక్కటే ఉన్న కాలంలో ఈ పద్ధతికి దారి లేదు.

ఎవరికి ఎంత చెప్పాలి

కారణం చెప్పడం ఎంత అవసరమో, ఎవరికి ఎంత చెప్పాలో తెలియడం అంతే అవసరం. పోస్ట్‌గ్రెస్‌లో 23505 తప్పు వచ్చినప్పుడు డీటెయిల్ భాగంలో ఢీకొన్న విలువ కూడా ఉంటుంది. అది ఎవరిదో ఆధార్ నంబరైతే? దాన్ని యథాతథంగా తెర మీద చూపితే ఒకరి వివరం ఇంకొకరికి తెలిసిపోతుంది. సందేశం, డీటెయిల్, హింట్ వేరు గదుల్లో ఉండడం వల్ల సందేశాన్నీ హింట్‌నూ దరఖాస్తుదారుకు చూపి, డీటెయిల్‌ను కార్యాలయపు లాగ్‌లో మాత్రమే ఉంచవచ్చు.

అసలు చెప్పకుండా మింగేయడం అన్నింటికంటే పెద్ద తప్పు. ‘వెన్ అదర్స్ దెన్ నల్’ అని రాస్తే, ఏ తప్పు వచ్చినా ఏమీ చేయకు అని అర్థం. ఒరాకిల్‌లో ఇలా రాస్తే బ్లాకులో అప్పటిదాకా జరిగిన మార్పులు వాటంతట అవి వెనక్కి పోవు. అమ్మినవారి ఖాతాలో 60 గుంటలు తగ్గి, కొన్నవారి ఖాతాలో పెరగకముందే తప్పు వచ్చి, దాన్ని మింగేస్తే, ఆపైన ట్రాన్సాక్షన్ ఖరారైతే ఆ భూమి ఎవరి ఖాతాలోనూ ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ బ్లాకు మార్పులన్నీ వెనక్కి పోతాయి. కానీ బయటివారికి పని జరిగినట్టే కనిపిస్తుంది, జరగని అమ్మకానికి రసీదు వెళ్లిపోతుంది. ఒరాకిల్ 11జీ వెర్షన్ నుంచి, అదర్స్ భాగం రైజ్‌తో ముగియకపోతే కంపైలర్ హెచ్చరించగలదు. ఆ హెచ్చరికను ప్రతి బృందమూ వాడుకోవాలి.

తీర్పు

ఈ కథనంతా ఒక్క చోట చేర్చి చూస్తే మంచి తిరస్కరణ వాక్యానికి కావలసినవి తేలతాయి. ఆపడానికీ చెప్పడానికీ వేర్వేరు మాటలుండాలి. యంత్రం కోసం స్థిరమైన గుర్తు, మనిషి కోసం మార్చుకోదగిన కారణం, ముందుకు వెళ్లే దారి ఒకే వాక్యంలో అమరాలి. ప్రతి భాగానికీ పేరు ఉండాలి, కొత్త భాగాలకు చోటుండాలి. తప్పుగా రాస్తే రాసిన రోజే పట్టుబడాలి. ఇవన్నీ సులువుగా రాయగలిగేలా ఉండాలి. ఎందుకంటే సాయంత్రం పని ముగించే తొందరలో ఉన్న ప్రోగ్రామర్ రాసేది సులువైన రూపమే. ఆ సులువైన రూపమే సరైన రూపంగా తీర్చడం భాషను రూపొందించేవారి బాధ్యత.

భాష ఎంత మంచి వ్యాకరణం ఇచ్చినా, హింట్ ఖాళీగా వదిలేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఈ భాషల్లో రోజూ కోడ్ రాసే తెలుగు యువకులు, యువతులు హైదరాబాదు నుంచి అమెరికా దాకా ఉన్నారు. వారికి నా విన్నపం ఒకటే. ‘దరఖాస్తు తిరస్కరించబడింది’ అని రాసి ఊరుకోకండి. ఏ నియమం అడ్డుపడిందో, ఏ విలువ సరిపోలేదో, ఇప్పుడు ఏం చేయాలో రాయండి. కారణం తెలుసుకునే హక్కును 1908లోనే చట్టం దస్తావేజుదారుకు ఇచ్చింది. ఆ హక్కును నిలబెట్టే పని ఇప్పుడు మీరు రాసే రైజ్ వాక్యం మీద ఉంది.